మసకజొన్న రొట్టె

నాకు చెత్తంటే పడదు. కందిపప్పు చేటలో పోసుకుని నేను కూర్చున్నానంటే ఇంట్లో ఎవరూ నా జోలికి రారు. రాయి, పుల్ల, పుచ్చు, రంగు మారిన బద్ద, ఏదీ నా కన్ను దాటి పోలేదు. ఈ గుణాన్ని పుట్టింట్లో మెచ్చుకున్నారు, ఆఫీసులో మెచ్చుకున్నారు. దీనివల్ల ఒక జొన్న వంశమే నా చేతుల మీదుగా అంతరించిపోతుందని ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

నేను పుట్టింది పులివెందుల పక్కన ఒక పల్లెలో. అంతా ఎర్రనేల. పంట అంటే మాకు బుడ్డలే, అంటే వేరుశనగ. విత్తే ముందు పది రోజులు ఇల్లంతా బుడ్డలు వలిచే పనే. వలిచిన విత్తనాన్ని అమ్మ చాప మీద పరిచి మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టేది. ముడత పడింది, మచ్చ పడింది, తోలు ఊడింది, రంగు మాసింది, అన్నీ పక్కకు తీసెయ్యాలి. "ఒక్క మాసిన గింజ పోయినా పక్కదాన్ని గూడా కుళ్లబెడ్తాది, సూసి ఏరండి" అనేది. నా తమ్ముడు రెండు గింజలు ఏరి నాలుగు నమిలేవాడు. నేను మాత్రం తల ఎత్తేదాన్ని కాదు. చాప ఖాళీ అయ్యేసరికి నా ముందు కుప్ప అందరికంటే శుభ్రంగా ఉండాలి.

తర్వాత దొరికిన ఉద్యోగం కూడా దాదాపు అదే పని. ప్రొద్దుటూరులో విత్తనాలు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో చేరాను. వచ్చిన ప్రతి సంచిలోంచి గింజలు తీసి ముందు శుద్ధి చూడాలి. తెల్లజొన్నలో ఎర్రగింజ కనిపిస్తే కల్తీ అని రాయాలి. ఆ తర్వాత తడి కాగితం మీద నూరు గింజలు వరసగా పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, వెచ్చటి పెట్టెలో నిలబెట్టాలి. గడువు రోజున విప్పి మొలిచినవెన్ని, బూజు పట్టినవెన్ని అని లెక్కపెట్టాలి. బయట వాన పడనీ, మంచు కురవనీ, ఆ పెట్టెలో ఎప్పుడూ వైశాఖమే. ఇరవై ఏళ్లకు పైగా ఆ పెట్టె చెప్పిందే నేను నమ్మాను.

మా అత్తది జమ్మలమడుగు దాటి పెన్న వైపు పోతే వచ్చే నల్లరేగడి పల్లె. మా ఆయన ప్రొద్దుటూరులో ఒక బడిలో గుమాస్తా. మామ పోయినాక మా దగ్గరికి వచ్చెయ్యమంటే అత్త నవ్వింది. "మీరు పిడికెడు జొన్నలు కూడా అంగట్లో కొనుక్కోని తింటాండారు. నేనొచ్చి ఏం జేయాల?" అంది. మమ్మల్ని చూసి నిజంగానే జాలిపడేది. నెలకొకసారి బస్సెక్కి వచ్చి, ఒక ఆకుకూరల మూట మా వంటింట్లో దించి, నా వంటకు ఒక వంక పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. నాకు కోపం వచ్చేది. రాని నెలలో మాత్రం బస్సు చప్పుడయితే వాకిట్లోకి చూసేదాన్ని.

ఆమె చేను వాగు లాంటి ఒక చిన్న వంక పక్కన పల్లంలో ఉండేది. కార్తీకం వానలకు అందులో నీళ్లు నిలిచేవి. చుట్టుపక్కల వాళ్లు శనగ విత్తి, మొలక కూడా చూసుకున్నాక గానీ ఆ చేలో కాలు పెట్టడానికి వీలయ్యేది కాదు. అప్పటికి మంచు మొదలవుతుంది. నల్లరేగడి ఒకసారి తడిసి చల్లబడిందంటే పొద్దెక్కినా వేడెక్కదు. ఆ చలిలో విత్తిన జొన్న గింజ నేలలోనే ఉబ్బి, మెత్తబడి, కుళ్లిపోతుంది. మా అత్త జొన్న మాత్రం మొలిచేది. ఊళ్లో వాళ్లు అది ఆమె చేతి చలవ అనేవాళ్లు. అత్త కాదనేది కాదు. ఊరికే వచ్చే పొగడ్తను వద్దనడం ఎందుకనుకునేదేమో.

నాకు మాత్రం ఆ జొన్నను ల్యాబులో చూడాలని ఉండేది. ఒకసారి అడిగాను. "గుప్పెడియ్యత్తా, సలికి అవి ఎట్ట మొలుస్తాండాయో పరీక్ష చేసి చూద్దాం."

"నా జొన్నలకు పరీక్షేంది? అవి ఏటా చేన్లో రాస్తానే ఉండాయి గదా" అంది.

ఇవ్వకపోవడానికి ఇంకో కారణం ఉంది. విత్తనానికని కడవలో పోసిన గింజను తినరాదు, ఒకరికి ఇవ్వరాదు, విత్తే రోజు దాకా మూత తియ్యరాదు. వాళ్లింటి పట్టింపు అది. జొన్నల్లో బూడిద కలిపి, పైన వేపాకు పరిచి, మూతి చుట్టూ పేడమట్టి మెత్తి ఒక మూల పెట్టేది. ఇరవై ఏళ్ల కోడలినై ఉండీ ఆ కడవలో ఏముందో నేను ఏనాడూ చూడలేదు. విత్తే రోజున నాకు సెలవు ఉండేది కాదు, పండిన జొన్నలో ఆమె తినగా మిగిలింది కళ్లంలోనే అమ్ముడైపోయేది.

అయిదేళ్ల కిందట కార్తీకంలో అత్త చేని గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. తర్వాత మా ఇంటి ముందు గదిలో మంచం వేశాం. నాలుగు రోజుల తర్వాత మా ఆయన పల్లెకు వెళ్లి కడవను ఆటోలో తెచ్చాడు. తన తల్లిని కూడా అంత జాగ్రత్తగా తేలేదని నేను ఎగతాళి చేశాను. అత్త కడవను మంచం పక్కకు జరిపించుకుని మూతి చుట్టూ ఉన్న మట్టిని తడిమి చూసింది.

"చేను బీడు పెట్టొద్దు పాపా. నేను లేకపోయినా విత్తాల. కంకి కోసేటప్పటికి లేసి నడుస్తా సూడు" అంది. మళ్లీ తనే, "ఈసారి విత్తనం నువ్వు సూసుకో" అంది.

నా కళ్లు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్లుగా నా ఉప్పుకూ పులుసుకూ వంక పెట్టిన మనిషి తన కడవ నా చేతికిచ్చింది. ఆ చేను మొలిస్తేనే ఆమె మంచం దిగుతుందని నేనూ నమ్మాను. ఇక నా పనితనం ఏమిటో చూపిస్తాననుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

వంక పక్క చేను ఆరడానికి ఇంకా రెండు వారాలు పడుతుందన్నారు. ఆ ఆదివారం కడవ మిద్దె మీదికి తీసుకుపోయి మూత తీశాను. చేటలో పోసి బూడిద చెరిగాను. సగం గింజలు తెల్లగా, గుండ్రంగా ఉన్నాయి. మిగతా సగం చిన్నవి, మసకవి, పొగచూరిన రంగు. ల్యాబుకు ఎవరైనా ఇలాంటి సంచి తెస్తే మొహం మీదే కల్తీ అని చెప్పి పంపేస్తాను. పాపం, అత్తకు కళ్లు కనబడక ఏది పడితే అది పోసుకుందనుకున్నాను. అసలు ఇన్నేళ్లు ఈ కల్తీ విత్తనంతో అంత పంట తీసిందంటే శుభ్రం చేసి వేస్తే ఇంకెంత రావాలి అని కూడా అనుకున్నాను.

రెండు ఆదివారాలు ఏరాను. మొదట జల్లెడ పట్టాను. మసకవి చిన్నవి గనుక చాలావరకు కిందికి దిగాయి. మిగిలినవి ఒక్కొక్కటే వేలితో తీశాను. మెడ పట్టేసింది, వేళ్ల కొసలు మండాయి, అయినా లేవలేదు. రెండో ఆదివారం సాయంత్రానికి ఒక్క మసకగింజ లేని తెల్లజొన్న నా ముందు కుప్పగా ఉంది. మా అమ్మ బతికి ఉంటే చూపించేదాన్ని. మధ్యలో నూరు గింజలు ల్యాబుకు తీసుకెళ్లి పెట్టెలో పెట్టాను. ఒకటో రెండో తప్ప అన్నీ మొలిచాయి. ఆ సంగతి చెబితే అత్త, "ఎందుకు మొలవ్వు?" అని ఒక్క మాట అని అటు తిరిగి పడుకుంది. ఏరిన సంగతి మాత్రం చెప్పలేదు. పంట చూపించి చెబుదామనుకున్నాను.

మసకవి మిగిలాయి. పారేయడానికి చెయ్యి రాలేదు. తిండిగింజ కదా. అంగట్లో తెచ్చిన జొన్నల్లో కలిపి మిల్లుకు పంపించాను. "అమ్మకు చెప్పినావా?" అని మా ఆయన అడిగాడు. "చెప్తే ఊరుకుంటాదా? కడవలో గింజ తినగూడదంటాది. నువ్వు ఊరికే పట్టిచ్చుకోని రా" అన్నాను. ఆయన సంచి సైకిలుకు కట్టుకుని వెళ్లాడు.

విత్తడానికి ముందురోజు సాయంత్రం ఆ పిండితో రొట్టెలు చేశాను. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. అత్తను గోడకు ఆనించి కూర్చోబెట్టి పళ్లెం ఒళ్లో పెట్టాను. బుడ్డల చట్నీ అద్దుకుని మొదటి తునక నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. మళ్లీ నమిలింది.

"ఏం జొన్నలు పాపా ఇవి?"

"అంగడివి అత్తా."

"వగరుగా ఉండాయే."

"యాడివో ఏమో. రేపు వేరేవి తెప్పిస్తాలే."

"వద్దులే." ఇంకో తునక తుంచింది. తుంచి, చేతిలోనే పట్టుకుని అడిగింది. "అన్నీ పట్టిచ్చినావా, యాడన్నా రవ్వన్ని గింజలు మిగిలినాయా?"

"అన్నీ పట్టిచ్చినా అత్తా. మళ్లా మళ్లా మిల్లుకు ఎవరు పోతారు?"

తల ఊపింది. చేతిలోని తునక తిన్నాక, "రేపు ఎండ కాస్తే బాగుండు" అంది. ముసలావిడకు మంచం మీద చలి వేస్తోందేమోనని దుప్పటి తెచ్చి కప్పాను.

మర్నాడు నేను సెలవు పెట్టి మా ఆయనతో వెళ్లాను. బాడుగకు తెచ్చిన ఎద్దులు విత్తే గొర్రును లాగుతుంటే, గొర్రు పైనున్న కొయ్యగిన్నెలో నేనే పిడికిలి వదులు చేసి గింజలు జారవిడిచాను. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. అత్త ఎప్పుడూ తన చేత్తోనే వదిలేదని కూలీలను కూడా పిలవనివ్వలేదు. ఎద్దులవాడు, "అక్కా, ముత్యాల మాదిరి ఉండాయి జొన్నలు" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఎండ కాయలేదు. రెండో రోజుకే సముద్రం మీద తుపానన్నారు. మా వైపు పెద్ద వాన లేదు గానీ ముసురు పట్టింది. మబ్బు, ఈదురుగాలి, తెల్లారి మంచు. వారం రోజులు సూర్యుడి ముఖం చూడలేదు. ఎనిమిదో రోజు మా ఆయన వెళ్లి చూసి వచ్చాడు. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, "నువ్వే ఒకసారి పోయి చూసి రా" అన్నాడు. మర్నాడు నేను జమ్మలమడుగు బస్సెక్కాను.

చేను నల్లగా ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి పసుపుపచ్చ మొలక తల వాల్చి ఉంది. సాలులో వేలు పెట్టి తవ్వాను. గింజ ఉబ్బి, మెత్తగా, తెల్లటి బూజుతో వచ్చింది. పక్కది కూడా అంతే. ఇంకో సాలులో కూడా అంతే. మా పెట్టెలో అంత బాగా మొలిచిన గింజలే అవి. వాసన చూస్తే పులిసిన పిండి కంపు కొట్టింది. ఆ బురదలోనే చతికిలబడి ఏడ్చాను.

పక్క చేనామె గట్టు దిగి వచ్చింది. మా అత్త ఈడుదే. నా పక్కన గొంతుక్కూర్చుని రెండు గింజలు తవ్వి అరచేతిలో వేసుకుంది. "మీ అత్త విత్తనమేనా పాపా ఇది?"

"అదే."

"మల్ల నల్లజొన్న ఒగటీ కనపల్యా? యాడ పాయ?"

నేను చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అరచేతిలో గింజల్ని దులిపేసి నిదానంగా చెప్పింది. విత్తిన అయిదారు రోజులకు, మంచు బాగా కురిసిన పొద్దున, మా అత్త సాళ్లన్నీ తిరిగేదట. అందరికంటే ముందు తలెత్తిన మొలక పక్కన ఒక గులకరాయి పెట్టేదట. కోత రోజున రాయి ఉన్న మొక్కల కంకులే ముందు కోసి విత్తనానికి తీసేదట. అవే ఈ మసకవి. ఎండ కాసిన ఏటికి పనికొస్తాయని వాటికి సమంగా తెల్లవి కలిపేదట.

"మంచుంటే నల్లవి, ఎండుంటే తెల్లవి, ఏదో ఒగటి దక్కుతాదని రెండూ పోస్తాండె. తినేదానికి నల్లవి వగరు, అందుకే ఎవురూ పెట్టుకోల్యా. ఈ పక్కన ఆయమ్మ కడవలోనే ఉన్యాయి" అంది.

ఆ తర్వాత నేను తిరగని చోటు లేదు. కమలాపురం వైపు అడిగాను, వీరపునాయునిపల్లెలో మా బంధువుల చేత అడిగించాను. అందరూ శనగ, పత్తి, సంచుల్లో వచ్చే తెల్లజొన్న. ఒకాయన, "అట్టాంటిది మా అవ్వ కాలంలో ఉండె" అన్నాడు. మా ఇంట్లో పిండి డబ్బా అడుగున ఇంకా రెండు గిద్దల పిండి ఉంది. పిండిని ఏ నేలలో వేస్తే మొలుస్తుంది?

మా ఆయన, "నువ్వు మంచికే చేసినావు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

చేను చూసి వచ్చిన రోజున దారి పొడుగునా అత్తకు నిజం చెప్పాలనే అనుకున్నాను. బస్సు దిగేదాకా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమె తల తిప్పి, "మొలిసిందా పాపా?" అని అడిగింది. కంకి కోసేటప్పటికి లేచి నడుస్తానన్న మనిషి.

"మొలిచింది అత్తా. పచ్చగా ఉండాది."

"శానా సంతోషం" అంది.

ఒకసారి మొదలుపెట్టాక ఆపలేకపోయాను. మోకాలెత్తు వచ్చిందన్నాను. పొట్టకొచ్చిందన్నాను. పిట్టలు వాలుతున్నాయని, దిష్టిబొమ్మ పెట్టామని కూడా చెప్పాను. అత్త కళ్లు మూసుకుని వినేది. నన్ను చేనికి తీసుకుపో అని ఒక్కసారి కూడా అడగలేదు. గులకరాళ్ల ఊసు ఎత్తలేదు. చూడ్డానికి వచ్చిన వాళ్లతో, "నా కోడలు చేను శానా బాగా చేస్తాంది" అని చెప్పేది. మంచం పుండ్లు పడ్డాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. శివరాత్రి రాకముందే పోయింది. పల్లెకు తీసుకుపోతే, బీడు చేను పక్కనుంచే ఆమెను మోసుకుపోయారు. నేను పాడె వెనుక నడుస్తూ తల దించుకున్నాను.

ఏడాది తర్వాత మా ల్యాబుకు ఒక పరిశోధనా కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చలిలో మొలిచే పంటల జన్యువుల మీద పని చేస్తోంది. చిన్న పొట్లాల్లో రకరకాల జొన్నలు తెచ్చి బల్ల మీద పోసి చెప్పసాగింది. గింజకు మొదటి గండం నీళ్లు తాగేటప్పుడేనట. చల్లని నేలలో గబగబా నీళ్లు పీల్చుకుంటే లోపలి పొరలు చిట్లి, గింజలోని తీపి బయటికి కారుతుంది. బూజు దాని కోసమే కాచుకుని ఉంటుంది. కొన్ని జొన్నల్లో పై తోలు కింద ముదురు రంగు పొర ఒకటి ఉంటుంది. అది బూజును కొంత ఆపుతుంది. ఆ పొరను ఇచ్చే జన్యువు ఉన్న చోటికి దగ్గర్లోనే చలిని ఓర్చుకునే గుణం కూడా ఉండి, రెండూ తరతరాలుగా కలిసి వస్తుంటాయని చెప్పింది. ఒక్క జన్యువుతో అయ్యే పని కాదు మేడమ్, చాలా కలవాలి అంది. మనుషులు రుచి కోసం తెల్లగింజను ఏరుకుంటూ వచ్చి, తెలియకుండానే చలిని ఓర్చే గుణాన్ని పోగొట్టుకున్నారంది. ఎన్నో తరాలు కలిసి చేసిన ఆ పనిని నేను రెండు ఆదివారాల్లో చేశాను.

మా అత్త జొన్న గురించి చెప్పాను. ఆ అమ్మాయి ముందుకు వంగింది. "గుప్పెడు దొరికినా చాలు మేడమ్, చల్లగదిలో ఎన్నేళ్లైనా దాచుకోవచ్చు. ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటాయేమో చూస్తారా?" అంది.

"అన్నీ పట్టించేశాను" అన్నాను. ఆ మాట ఇదివరకు ఎక్కడో అన్నట్టనిపించింది గానీ వెంటనే గుర్తు రాలేదు.

ఆమె ఒక పొట్లంలోంచి మసకగింజ తీసి నా చేతిలో పెట్టింది. "ఆ పొర ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక మార్గం ఉంది మేడమ్. కొరికి చూడండి."

కొరికాను. నాలుక పట్టేసింది. వగరు.

ఆ సాయంత్రం మొత్తం ఒక్కసారిగా నా కళ్ల ముందుకొచ్చింది. మొదటి తునకకే అత్తకు తెలిసిపోయింది. తన కడవలో గింజను తాను తింటున్నానని తెలిసిపోయింది. రవ్వన్ని మిగిలాయేమో అని అడిగి చూసింది. లేవని నేనే చెప్పాను. ఇక ఎండ తప్ప దిక్కు లేదని, రేపు ఎండ కాస్తే బాగుండునంది. ఆ తర్వాత రెండు నెలల పైన నేను చెప్పిన మోకాలెత్తు జొన్నను, పొట్టకొచ్చిన జొన్నను, పిట్టలు వాలిన జొన్నను ఆమె కళ్లు మూసుకుని విన్నది నా కోసం.

ఆ పూట ఆమె రొట్టె మొత్తం తిన్నది. పళ్లెం అంచుకు అంటిన పొడి కూడా వేలితో అద్ది నోట్లో పెట్టుకుంది. ఆకలి మీద ఉందనుకుని ఇంకొకటి వేశాను. వద్దనకుండా అదీ తిన్నది.